‘మావాడే’ అనే ఒక్క మాట

నన్ను బడిలో చేర్చిన రోజు నాకింకా గుర్తుంది. 1976వ సంవత్సరం, జూన్ నెల. మా నాన్న ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా తొడుక్కొని, నా చెయ్యి పట్టుకొని ప్రధానోపాధ్యాయుల గదిలోకి తీసుకుపోయారు. ఆయన రిజిస్టరు తెరిచి నా పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ రాసుకున్నారు. తరువాత “మాతృభాష?” అని అడిగారు.

“తెలుగండీ” అన్నారు నాన్న.

ఆయన ఒకసారి తలెత్తి నాన్న వంక చూశారు, రాసిన పేరు వంక చూశారు. చిన్నగా నవ్వి, ఆ గడిలో “ఉర్దూ” అని రాసేశారు. నాన్న మారు మాట్లాడలేదు. మా ఇంట్లో ఉర్దూలో రెండు వాక్యాలు కలిపి మాట్లాడగల మనిషి ఆనాడు ఒక్కరూ లేరు.

మరుసటి వేసవి సెలవులకు గుంటూరులో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. వాళ్లు ముస్లిం మొహల్లాలో కాపురముంటూ ఉర్దూ నేర్చుకున్నారు. వీధి పిల్లలు చుట్టూ చేరి నా పేరు అడిగారు. చెప్పాను. ఏ ఊరని అడిగారు. నేను తెలుగులో జవాబు చెప్పేసరికి ఒకరినొకరు చూసుకొని పకపకా నవ్వారు. వారిలో పెద్దవాడు మా పిన్ని కొడుకును పక్కకు పిలిచి, “వీడు నిజంగా ముసల్మానేనా?” అని అడిగాడు. అది నాకు వినపడింది. అంతకన్నా, మా అన్న జవాబు చెప్పకుండా తల దించుకోవడం నాకు కనపడింది.

బడి రిజిస్టరులో నేను ఉర్దూ వాణ్ణి. ఉర్దూ వారి వీధిలో తెలుగు వాణ్ణి. అప్పటికి నాకు ఏడేళ్లు కూడా నిండలేదు.

ఈ పత్రిక చదివే ఇళ్లలో చాలామందికి ఇటువంటి జ్ఞాపకం ఒకటైనా ఉండి ఉంటుంది. దానిని మనం సాధారణంగా నవ్వుతూ చెప్పుకొని మరచిపోతాం. కానీ ఆ గడిలో రాసిన మాట, ఆ వీధిలో వినిపించిన నవ్వు పిల్లల మనస్సులో ఎంత లోతుగా దిగుతాయో మా ఇంట్లో నేను కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

పత్తి ఊరిలో పొలం లేని ఇల్లు

మాది నరసరావుపేటకు పడమటగా, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఉన్న ఒక చిన్న పట్టణం. 1967లో కాలువకు నీరు వదలక ముందు ఆ నేలలన్నీ వానను నమ్ముకొని జొన్న, సజ్జ పండించినవేనని మా నాయనమ్మ చెప్పేది. నీళ్లు వచ్చాక ఊరి స్వరూపం మారింది. నల్లరేగడిలో పత్తి, మిరప విస్తరించాయి. మాకు ఊహ తెలిసేనాటికి సంక్రాంతి ముందు ఏ ఇంటి వసారా చూసినా తెల్లని పత్తి గుట్టలు, మాఘం దాటితే ఏ కల్లం చూసినా ఎర్రని మిరప పరుపులు. గాలి వీస్తే ఊరంతా ఒక్కసారి తుమ్మేది.

వ్యవసాయమే బ్రతుకుగా ఉన్న ఊరిలో మనిషిని గుర్తించే మొదటి కొలత పొలం. “ఎవరబ్బాయివి?” అన్న ప్రశ్న వెనుకనే “మీకెన్ని ఎకరాలు?” అన్న ప్రశ్న వచ్చేది. మాకు సెంటు భూమి లేదు. మేము దూదేకుల వాళ్లం, నూర్‌బాషాలం. రైతు పండించిన పత్తి జిన్నింగ్ మిల్లులో గింజ వదిలించుకొని దూదిగా వచ్చాక, దానిని ఏకి, పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టడం మా తాతతండ్రుల వృత్తి. నాన్న విల్లు భుజాన వేసుకొని చుట్టుపక్కల పల్లెలు తిరిగేవారు. ఏ ఇంట పెళ్లి కుదిరినా పరుపు కోసం ఆయనకు కబురు వచ్చేది. వసారాలో విల్లు వేలాడదీసి, కొయ్య గుండుతో నరాన్ని మీటుతుంటే ‘టుంయ్ టుంయ్’మనే శబ్దం వీధి చివరి దాకా వినిపించేది. సాయంత్రానికి ఆయన కనుబొమల మీద, గడ్డం మీద దూది మంచులా పేరుకొని ఉండేది. రాత్రంతా దగ్గు.

పత్తి లేనిదే మాకు బ్రతుకు లేదు. అయినా పత్తి రైతులలో మేము లేము. విత్తనం, ఎరువు, కాలువ నీటి వంతు, పురుగు మందు, మార్కెట్ ధర అంటూ రచ్చబండ మీద సాగే మాటలలో నాన్నకు చోటుండేది కాదు. ఆయన అరుగు కింద గొంతుకూర్చుని వినేవారు.

మన వర్గం గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ప్రస్తావన ఉంది. దూది ఏకేవారని, తాళ్లు, నవారు తయారు చేసేవారని అందులో రాశారు. వందేళ్లు గడిచినా మనల్ని ఏ గడిలో పెట్టాలన్న సందిగ్ధం తీరలేదు. వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల వారు ‘బి’ విభాగంలో ఉన్నారు. వెనుకబడిన ఇతర ముస్లిం వర్గాలకు 2007లో ‘ఇ’ విభాగం కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. ప్రభుత్వ లెక్కలకు వాటి కారణాలు వాటికున్నాయి. అయితే కుల ధ్రువపత్రం కోసం మండల కార్యాలయం వరుసలో నిలబడిన పదిహేనేళ్ల కుర్రవాడికి ఆ కారణాలు తెలియవు. మస్జిదులో తన పక్కన నిలబడే స్నేహితుడి కాగితం వేరు, తన కాగితం వేరు అన్నది మాత్రం తెలుస్తుంది.

రెండు గుమ్మాల బయట

బడిలో ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఉన్నమాట చెప్పాలి, మా ఊరివారు చెడ్డవారు కారు. రైతులను నేను “బాబాయ్” అనేవాణ్ణి, వారి ఇళ్లలో ఆడవారిని “పిన్ని” అనేవాణ్ణి. వారు నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. మా నాన్న ‘సాయిబు’, నేను ‘సాయిబు కొడుకు’. మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచే వేళకు పిల్లలందరూ జట్లు జట్లుగా కూర్చునేవారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. నేను చింతచెట్టు మొదట్లో ఒక్కణ్ణే తినడం అలవాటు చేసుకున్నాను.

మస్జిదులో సంగతి మరొకలా ఉండేది. పిల్లలకు ఓనమాలు దిద్దించినట్లు అక్కడ అలిఫ్, బే నేర్పించేవారు. చదువు చెప్పే పెద్దమనిషి దూరప్రాంతం నుండి వచ్చినవారు. ఆయన చెప్పేదంతా ఉర్దూలోనే. అక్షరాలు పట్టుబడ్డాయి గానీ అర్థం పట్టుబడేది కాదు. ఒకనాడు ధైర్యం చేసి, “ఈ మాటకు అర్థమేమిటండీ?” అని తెలుగులో అడిగాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వి, “ముందు భాష నేర్చుకో, తరువాత దీన్ నేర్చుకుందువు గాని” అన్నారు. ఆయన మనస్సులో ద్వేషం ఉందని నేను ఈనాటికీ అనుకోను. తాను ఏ భాషలో ధర్మాన్ని నేర్చుకున్నారో ఆ భాషే ధర్మానికి వాకిలి అనుకున్నారు. కానీ ఆ మాట విన్న పదేళ్ల పిల్లవాడు ఆ సాయంత్రం నుండి మస్జిదుకు వెళ్లడం మానేశాడు. అస్ర్ వేళకు కాలువ గట్టు మీదకు పోయి, పొద్దుగూకిన తరువాత ఇంటికి చేరేవాడు.

ఇక్కడ ఒక చేదు సత్యం కూడా చెప్పుకోవాలి. ఊరు మమ్మల్ని మనస్ఫూర్తిగా ‘మావాళ్లు’ అనుకున్న రోజులు ఏడాదికి పది మాత్రమే. అవి ముహర్రం రోజులు. పీర్లు ఎత్తేవారిలో మా తాత ముందుండేవారు. రైతులు మొక్కుకొనేవారు, గుండం చుట్టూ ఊరంతా తిరిగేది. కాలక్రమంలో ధర్మజ్ఞానం పెరిగి, ఆ ఆచారాలు ఇస్లాం బోధనలకు అనుగుణమైనవి కావని మా పెద్దలు గ్రహించారు, మానుకున్నారు. అది సరైన నిర్ణయం. అయితే ఒక సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ పది రోజులలో ఊరికీ మాకూ మధ్య ఒక పోగు ఉండేది. దానిని తెంచాము, దాని స్థానంలో మరొక పోగు పేనలేదు. “ఏం సాయిబూ, ఈ మధ్య మీరు మారిపోయారే” అని రైతులు బాధగా అడిగినప్పుడు నాన్న దగ్గర జవాబు లేకపోయింది. పండుగ నాడు నాలుగిళ్లకు సేమ్యా పంపి, ఎందుకు మానుకున్నామో ప్రేమగా వివరించి ఉంటే సరిపోయేది. ఆచారాన్ని వదిలిపెట్టే తొందరలో పొరుగువాణ్ణి కూడా వదిలేశాము.

నవారు మంచం మీద చెప్పిన కథ

మా మస్జిదులో అజాన్ ఇచ్చే వృద్ధుడు ఒకాయన ఉండేవారు. ఆయనను పిల్లలందరం ‘మౌజన్ తాత’ అనేవాళ్లం. పెద్ద చదువు లేదు. పగటిపూట ఎద్దులకు నాడాలు కొట్టేవారు. నేను మస్జిదుకు రావడం మానేసిన నెల రోజులకు ఒక మగ్రిబ్ తరువాత మా ఇంటికి వచ్చారు. నాన్న అల్లిన నవారు మంచం మీద కూర్చొని, నన్ను దగ్గరకు పిలిచి, ఎందుకు రావడం లేదని అడగకుండానే ఒక కథ మొదలుపెట్టారు. అచ్చమైన మా ఊరి తెలుగులో.

అది హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) వృత్తాంతం. ఆయన అరబ్బు కారు. పారసీక దేశస్థుడు. సత్యాన్వేషణలో ఇల్లు విడిచి, దేశాలు తిరిగి, చివరకు బానిసగా అమ్ముడుపోయి మదీనా చేరారు. ఖర్జూరపు తోటలో కూలి చేసేవారు. యజమాని ఆయనను విడిచిపెట్టడానికి మూడు వందల ఖర్జూరపు మొక్కలు నాటి ఇవ్వాలని, బంగారం చెల్లించాలని షరతు పెట్టాడు. సహచరులు తలా కొన్ని మొక్కలు తెచ్చి ఇచ్చారు. గోతులు తవ్విన తరువాత మహాప్రవక్త (స) స్వయంగా వచ్చి తన చేతులతో వాటిని నాటారు.

“తరువాత ఏం జరిగిందో తెలుసా?” అన్నారు తాత. “శత్రువులు దండెత్తి వస్తుంటే మదీనా చుట్టూ కందకం తవ్వాలని సలహా ఇచ్చింది సల్మానే. తవ్వేటప్పుడు జనం జట్లుగా విడిపోయారు. మక్కా నుండి వచ్చిన ముహాజిర్లు ‘సల్మాన్ మావాడు’ అన్నారు. మదీనా అన్సార్లు ‘కాదు, మావాడు’ అన్నారు. అప్పుడు ప్రవక్తగారు, సల్మాన్ మా ఇంటివాడు అన్నారు.”

సీరా గ్రంథాలలో కనిపించే ఈ వృత్తాంతాన్ని తరువాత నేను ఎన్నో చోట్ల చదివాను. కానీ ఆ రాత్రి విన్నప్పుడు కలిగిన అనుభూతి వేరు. సల్మాన్ (రజి) పుట్టుకతో ఆ రెండు జట్లలో దేనికీ చెందినవారు కారు. ఆయన మాతృభాష కూడా వారిది కాదు. అటువంటి మనిషి కోసం రెండు పక్షాలూ పోటీపడ్డాయి. నా విషయంలోనూ రెండు పక్షాలున్నాయి, రెండూ ‘మావాడు కాడు’ అన్నవే.

తాత లేస్తూ నా తల మీద చెయ్యి పెట్టి, “రేపు అస్ర్‌కు రా. అర్థం నేను చెబుతాను, నాకు తెలిసినంత తెలుగులో” అన్నారు. మరునాడు వెళ్లాను. నన్ను చూసి నవ్వబోయిన పిల్లలతో ఆయన, “మావాడే, జరిగి చోటివ్వండి” అన్నారు. ఫాతిహా సూరా అర్థం ఆయన నోట విన్నాను. తెలుగులో నా ప్రభువుతో నేను ఏమి మాట్లాడుతున్నానో నాకు మొదటిసారి తెలిసింది.

ఆ మాట నాకు మరొకసారి వినిపించింది. ఎనిమిదో తరగతిలో ఉండగా, సెలవుల్లో ఒక రైతు కల్లంలో మిరపకాయలు ఏరడానికి కూలికి వెళ్లాను. బేరానికి వచ్చిన వ్యాపారి బస్తాలు లెక్క చూసుకొంటూ, “ఈ సాయిబుల పిల్లాడెవడు? బస్తాల దగ్గర వీడికేం పని?” అన్నాడు. ఆ రైతు చేతిలోని చేట దించకుండానే, “మావాడే” అన్నాడు. అంతే. మరొక మాట లేదు. ఆయన మా మతస్థుడు కాదు, మా కులస్థుడు కాదు. ఆ మధ్యాహ్నం ఎండలో నేను రెండింతల పని చేశాను.

మదీనా కూడా వ్యవసాయ పట్టణమే

మనం హిజ్రత్ గురించి మాట్లాడుకునేటప్పుడు త్యాగాన్ని తలచుకుంటాం. ఆ వలసలో మరొక కష్టం కూడా ఉందని అంతగా గమనించం. మక్కా వ్యాపారుల ఊరు, అక్కడ పంట లేదు. మదీనా ఖర్జూరపు తోటల ఊరు. బిడారులు నడిపిన చేతులు ఒక్కసారిగా పారలు, నీటి బావుల మధ్యకు వచ్చిపడ్డాయి. అక్కడి గాలి వారికి సరిపడలేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచాన పడ్డారు. జ్వరం తగ్గినప్పుడల్లా బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డి పరిమళాన్ని తలచుకొని పాడుకున్నారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. అది విన్న మహాప్రవక్త (స) ఆయనను మందలించలేదు. మదీనాను కూడా మక్కా అంతగా, అంతకన్నా ఎక్కువగా మాకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. కొత్త ఊరిలో ఇమడలేని మనస్సుకు ఆయన చేసిన మొదటి వైద్యం దుఆ.

రెండవది ఏర్పాటు. అన్సార్లు తమ తోటలను ముహాజిర్లతో సగం సగం పంచుకుంటామని ముందుకొచ్చారు. ప్రవక్త (స) అంగీకరించలేదు. అప్పుడు వారే మరొక మార్గం చెప్పారు. మీరు తోటలో కష్టంలో పాలుపంచుకోండి, ఫలంలో భాగం తీసుకోండి అన్నారు. దానికి అందరూ సమ్మతించారు. ఇందులో ఎంత వివేకం ఉందో పొలం లేని ఇంట్లో పెరిగినవారికి బాగా తెలుస్తుంది. దానం తీసుకున్నవాడు ఆ ఊరిలో ఎప్పటికీ అతిథిగానే ఉండిపోతాడు. భుజం కలిపి పనిచేసినవాడు ఆ ఊరివాడవుతాడు.

అయితే అందరూ తోటమాలులు కానక్కరలేదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఆయన అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానంటే, అల్లాహ్ నీకు శుభం కలిగించుగాక, నాకు బజారు దారి చూపించు అని కోరారు. జున్ను, నెయ్యి అమ్మి తన కాళ్ల మీద నిలబడ్డారు. ఆయన తన స్వభావాన్ని వదులుకోలేదు, మదీనా ఆయనను వదులుకోలేదు.

భాషల గురించి దివ్య ఖుర్ఆన్ వైఖరి మరింత స్పష్టం. మానవుల భాషలలో, వర్ణాలలో ఉన్న వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా రూమ్ సూరాలో పేర్కొన్నాడు. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపినట్లు ఇబ్రాహీమ్ సూరాలో తెలియజేశాడు. అరబీ మన నమాజు భాష, ఖుర్ఆన్ భాష. దానిని నేర్చుకోవడం మన భాగ్యం. ఉర్దూలో అపారమైన ధార్మిక వాఙ్మయం ఉంది. దానిని నేర్చుకుంటే లాభమే. కానీ తెలుగు మాతృభాషగా పుట్టడం విశ్వాసంలో లోపమని ఏ ఆయత్ చెప్పలేదు, ఏ హదీసు చెప్పలేదు.

తమ్ముడి సంగతి

ఇక చెప్పడానికి కష్టమైన భాగం. నాకొక తమ్ముడున్నాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న, నాకన్నా తెలివైనవాడు. వాడూ అదే బడిలో చదివాడు, అదే చింతచెట్టు కింద అన్నం తిన్నాడు. అదే మస్జిదులో వాడి తెలుగు విని పిల్లలు నవ్వారు. అయితే వాడికి పదేళ్లు వచ్చేనాటికి మౌజన్ తాత లేరు. ఒక శీతాకాలం జబ్బుచేసి కన్నుమూశారు. వాడి కోసం నవారు మంచం మీద కూర్చొని కథ చెప్పినవారు ఎవరూ లేకపోయారు. నేను చెప్పి ఉండవచ్చు. అప్పటికి నాకు పదహారేళ్లు, నా లోకంలో నేనున్నాను. ఆ అపరాధం నాది.

వాడు మస్జిదు మానేశాడు. బాగా చదివాడు. పద్దెనిమిదో ఏట ఊరు విడిచి నగరానికి వెళ్లాడు, మంచి ఉద్యోగం సంపాదించాడు. అక్కడ తన పేరును ఏ మతమో తెలియని రెండక్షరాలకు కుదించుకున్నాడు. పండుగకు రమ్మంటే సెలవు దొరకలేదనేవాడు. ఊరంటే వాడికి కోపం లేదు, ధర్మమంటే ద్వేషం లేదు. రెండింటిలోనూ తనకు కుర్చీ వేయలేదు కనుక నిలబడి నిలబడి వెళ్లిపోయాడు.

నాన్న చనిపోయిన రోజు వచ్చాడు. జీవితమంతా పీల్చిన దూది దుమ్ము చివరికి ఆయన ఊపిరిని తినేసింది. జనాజా నమాజుకు వరుసలు తీరాయి. కొడుకులం ఇద్దరం ముందు ఉండాలని పెద్దలు పిలిచారు. వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు లేడు. చిట్టచివరి వరుసలో, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నాలుగు తక్బీర్ల మధ్య ఏమి చదవాలో వాడికి తెలియదు. ఖబరస్తాన్ నుండి తిరిగి వస్తూ నా భుజం పట్టుకొని, “అన్నా, నాన్న కోసం అడగాల్సిన మాటలు కూడా నాకు రావు” అన్నాడు. నలభై ఏళ్ల మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఊరి రైతులు కూడా ఆ రోజు వచ్చారు. మా నాన్న కుట్టిన పరుపుల మీదనే తమ పెళ్లిళ్లు జరిగాయని చెప్పుకున్నారు. “మా సాయిబు పోయాడు” అన్నారు. ‘మా’ అన్న మాట నాన్న బ్రతికి ఉండగా ఎన్నిసార్లు విన్నారో నాకు తెలియదు.

ఒకే తల్లి పాలు తాగిన ఇద్దరిలో నేను నిలబడ్డాను, వాడు దూరమయ్యాడు. దీనికంతటికీ ఒక్కటే కారణమని చెప్పను. మనిషి జీవితం అంత తేలికగా తేలే లెక్క కాదు, సన్మార్గం అల్లాహ్ చేతిలో ఉంది. కానీ నా బాల్యంలో రెండుసార్లు వినిపించిన ఒక మాట వాడి బాల్యంలో ఒక్కసారి కూడా వినిపించలేదన్నది మాత్రం నాకు రూఢిగా తెలుసు.

మన ఇళ్లలో, మన మస్జిదులలో

కాలం మారింది. ఇప్పుడు దివ్య ఖుర్ఆన్ తెలుగు అనువాదాలు దొరుకుతున్నాయి. అనేక మస్జిదులలో జుమా ప్రసంగం తెలుగులోనూ వినిపిస్తోంది. చిన్న ఊళ్లలో ముస్లింల బ్రతుకును తెలుగులో రాసిన కథకులకు గుర్తింపు లభించింది. వేంపల్లె షరీఫ్ కథల సంపుటి ‘జుమ్మా’కు 2012లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఇవన్నీ సంతోషించదగినవి. అయినా చింతచెట్టు కింద ఒంటరిగా అన్నం తినే పిల్లలు ఇంకా ఉన్నారు. వారి కోసం మనం చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, తల్లిదండ్రులు పిల్లలను అడిగే ప్రశ్న మార్చుకోవాలి. మార్కులెన్ని వచ్చాయని అడుగుతాం. “ఈ రోజు ఎవరితో కూర్చొని అన్నం తిన్నావు?” అని కూడా అడగాలి. ఆ జవాబులో చాలా సంగతులు బయటపడతాయి.

రెండవది, పిల్లలకు తమ గురించి చెప్పుకోవడానికి మాటలు ఇవ్వాలి. “మనం ముస్లింలం, మన మాతృభాష తెలుగు” అని తడబడకుండా చెప్పడం ఇంట్లోనే నేర్పాలి. తాత ఏ పని చేశారో, ఆ పనిలో ఎంత నైపుణ్యముందో, హలాల్ సంపాదనకు ఎంత గౌరవముందో వివరించాలి. ఆనాడు నాన్న “కాదండీ, తెలుగే రాయండి” అని మర్యాదగా మరొకసారి అని ఉంటే ఆ గడి మారేదో లేదో గానీ, నా వెన్ను మాత్రం నిటారుగా ఉండేది.

మూడవది, మస్జిదు పెద్దలకు మనవి. పిల్లవాడు అర్థం అడిగాడంటే అది అతని హృదయం తెరుచుకున్న ఘడియ. ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెప్పండి. మీకు రాకపోతే వచ్చిన వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఉచ్చారణ తప్పితే చెవిలో దిద్దండి, పదిమందిలో నవ్వకండి. జనాజా నమాజులోని దుఆను, దాని తెలుగు అర్థాన్ని పదేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ నేర్పండి. తండ్రి కోసం అడగవలసిన మాటలు రాని కొడుకు దుఃఖం ఎటువంటిదో నేను చూశాను.

నాలుగవది, పొరుగువారితో పోగు తెగనివ్వకండి. ధర్మం కాదన్న ఆచారాన్ని మానుకోవడం మన బాధ్యత. పొరుగువాని హక్కు నెరవేర్చడం కూడా అంతే బాధ్యత. పత్తి ఏరే రోజుల్లో సాయానికి వెళ్లండి, ఇంట్లో జబ్బుపడితే పరామర్శించండి, ఈద్ నాడు పిలవండి. కల్లంలో నన్ను ‘మావాడే’ అన్న ఆ రైతు ఏ ఉపన్యాసమూ విని ఆ మాట అనలేదు. మా నాన్న ఆయన కూతురి పెళ్లికి పరుపు కుట్టి, పంట పోయిన ఏడని కూలి తీసుకోకుండా వచ్చారట. అది నాకు ఎన్నో ఏళ్ల తరువాత తెలిసింది.

నిరుటి బక్రీదుకు తమ్ముడు తన కొడుకును వెంటబెట్టుకొని ఊరికి వచ్చాడు. పదకొండేళ్ల బాబు. ఈద్‌గాహ్‌కు వెళుతుంటే దారిలో ఒక పెద్దమనిషి ఆపి, ఆ పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, “ఎవరబ్బాయి?” అని అడిగారు. బాబు బెదిరిపోయి తండ్రి వంక చూశాడు. తమ్ముడు నా వంక చూశాడు. “మావాడేనండీ” అన్నాను. వరుసలో బాబును మా ఇద్దరి మధ్య నిలబెట్టుకున్నాం. నమాజు ముగిశాక వాడు, “పెదనాన్నా, మధ్యలో చదివినదానికి అర్థమేమిటి?” అని అడిగాడు. తెలుగులో చెప్పాను. తమ్ముడు కూడా దగ్గరకు జరిగి విన్నాడు.

వచ్చే శుక్రవారం మీ మస్జిదులో చివరి వరుస వైపు ఒకసారి చూడండి. అక్కడ ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడిన పిల్లవాడు ఎవరైనా ఉంటే పేరు అడగండి. ఎవరైనా అతని గురించి అడిగితే ఏమని చెప్పాలో మీకు తెలుసు.

అల్లాహ్ మన బిడ్డలకు మన ఇళ్లలో, మన ఊళ్లలో, మన మస్జిదులలో చోటు కల్పించుగాక. ఆమీన్.